టమాటా తోటలో కొత్త వైరస్: ఆకు నుంచి జన్యుక్రమం దాకా

గుంటూరు చుట్టుపక్కల మిరప రైతు ఆకును చూడగానే పైముడత అయితే తామర పురుగు, కిందిముడత అయితే నల్లి అని విడదీసి చెబుతాడు. టమాటా దగ్గరికి వచ్చేసరికి ఆ స్పష్టత కనిపించదు. ఆకు ముడుచుకున్నా, చిగురు మాడినా, కాయ మీద మచ్చ పడినా అన్నిటికీ వైరస్ అనే పేరే పెట్టేస్తారు. అందులో చాలావరకు మనకు తెలిసిన వైరస్‌లే ఉంటాయి. అప్పుడప్పుడు మాత్రం ఏ పాత వర్ణనకూ ఒదగని మొక్కలు ఎదురవుతాయి. అప్పుడు వాటి నుంచి వైరస్ జన్యుక్రమాన్ని చదివించి తేల్చుకోవాలనుకునే పరిశోధన విద్యార్థుల కోసం, వ్యవసాయ అధికారుల కోసం ఈ పని వరుసను రాస్తున్నాను. సీక్వెన్సింగ్ యంత్రం రెండు మూడు రోజుల్లో తన పని ముగిస్తుంది. అది తనకు ఇచ్చిన గొట్టంలో ఏముందో చదువుతుంది తప్ప, ఆ ఉన్నదే తెగులుకు కారణమా అన్న సంగతి చెప్పదు. కాబట్టి మీ శ్రమలో ఎక్కువ భాగం యంత్రానికి ముందు చేలోనూ, యంత్రం తరువాత గాజు ఇంటిలోనూ పెట్టాల్సి ఉంటుంది.

ముందు చేలో తేల్చుకోవలసినవి

నమూనా కోయడానికి ముందు ఇరుగు పొరుగు చేలను చూడండి. పక్క చేలో వరి గానీ, మొక్కజొన్న గానీ ఉండి, అక్కడ కలుపు కోసం 2,4-డి చల్లి ఉంటే, గాలికి కొట్టుకొచ్చిన మందు తగిలిన టమాటా ఆకులు దారాల్లా సన్నబడి మెలితిరుగుతాయి. అది అచ్చం వైరస్ సోకినట్లే ఉంటుంది. మందు దెబ్బ అయితే లక్షణాలు గాలి వచ్చిన వైపు గట్ల వెంట ఎక్కువగా ఉండి, లోపలికి పోయేకొద్దీ తగ్గుతాయి, తరువాత వచ్చే చిగుళ్ళు క్రమంగా మామూలుగా వస్తాయి. వైరస్ అయితే జబ్బు మొక్కలు అక్కడొకటి ఇక్కడొకటిగా మొదలై, వాటి సంఖ్య వారం వారం పెరుగుతుంది. అడగడానికి మొహమాటపడి ఈ ఒక్క ప్రశ్న వదిలేసినందుకు వేల రూపాయల సీక్వెన్సింగ్ ఖర్చు వృథా అయిన సందర్భాలు ఉన్నాయి.

తరువాత తెలిసిన తెగుళ్ళతో పోల్చండి. ఆకులు పైకి ముడుచుకుని, అంచులు పసుపుకు తిరిగి, మొక్క గిడసబారితే అది తెల్లదోమ మోసుకొచ్చే ఆకుముడత బెగోమోవైరస్‌లలో ఒకటి కావచ్చు. లేత ఆకుల మీద కంచు రంగు, కాండం మీద నల్లటి చారలు, కాయల మీద వలయాలు వచ్చి చిగురు మాడిపోతే, వేరుశనగలో మొవ్వు కుళ్ళుకు కారణమయ్యే టోస్పోవైరస్‌ను అనుమానించాలి. దానిని తామర పురుగులు వ్యాపింపజేస్తాయి. ఈ రెండింటికీ పీసీఆర్ (వైరస్ జన్యు ముక్కను పెంచి గుర్తించే) పరీక్షలు ఉన్నాయి, టోస్పోవైరస్‌కు ఎలీసా (వైరస్ ప్రోటీన్‌ను పట్టే) పరీక్ష కూడా ఉంది. చౌకైన ఆ పరీక్షలు ముందు చేయించండి. వాటిలో ఏదీ తేలకపోతేనో, తేలినా లక్షణాలు దానికి మించి ఉంటేనో సీక్వెన్సింగ్ వైపు వెళ్ళడం న్యాయం.

ఇంకొక మంచి సూచిక ఉంది. తట్టుకుంటుందని పేరున్న రకమే దెబ్బతింటే జాగ్రత్తపడాలి. టమాటా బ్రౌన్ రుగోస్ ఫ్రూట్ వైరస్ బయటపడింది సరిగ్గా ఇలాగే. 2014లో ఇజ్రాయెల్‌లో, 2015లో జోర్డాన్‌లో, టొబాకో మొజాయిక్ వైరస్ వర్గానికి చెందిన టొబామోవైరస్‌లను దశాబ్దాలుగా అడ్డుకుంటూ వచ్చిన టీఎం-2² జన్యువు ఉన్న టమాటాల్లోనే మొజాయిక్ లక్షణాలు, కాయల మీద గరుకైన గోధుమ మచ్చలు కనిపించాయి. అలాగే మన దగ్గర ఆకుముడతను తట్టుకుంటుందని బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ విడుదల చేసిన అర్క రక్షక్ లాంటి సంకర రకంలో ముడత తీవ్రంగా వస్తే, దానిని నకిలీ విత్తనమని కొట్టిపారేయడానికి ముందు ఒకసారి పరీక్షించడం మంచిది.

నమూనా సేకరణ

ఒక మొక్క ఆకులను ఒక గొట్టంలోనే ఉంచండి. నాలుగైదు మొక్కల ఆకులను ఖర్చు తగ్గుతుందని ఒకే గొట్టంలో కలపవద్దు. అలా కలిపినప్పుడు వేర్వేరు మొక్కల్లోని దగ్గరి వైరస్‌ల ముక్కలను కంప్యూటర్ అతుకుతుంది, ఎక్కడా లేని వైరస్ ఒకటి తెర మీద పుడుతుంది. లక్షణాలు స్పష్టంగా ఉన్న మొక్కల నుంచి కనీసం ఐదింటిని, అదే చేలో ఆరోగ్యంగా కనిపించే మొక్కల నుంచి కనీసం మూడింటిని తీసుకోండి. ఆరోగ్యమైన మొక్కలను తీసుకోవడం దండగ అని రైతుకే కాదు, కొందరు పర్యవేక్షకులకూ అనిపిస్తుంది. చివర్లో మీ వాదన నిలబడేది వాటి మీదనే. ముదిరి ఎండిన ఆకులు వద్దు, లక్షణాలు అప్పుడే మొదలవుతున్న లేత ఆకులు కోయండి.

ప్రతి మొక్కకూ ఫోటో, తేదీ, రకం పేరు, నారు ఎక్కడి నుంచి తెచ్చారు, నాటి ఎన్ని రోజులైంది, ఆకు అడుగున తెల్లదోమ గానీ తామర పురుగులు గానీ ఉన్నాయా, వారం రోజుల్లో ఏ మందులు కొట్టారు అన్నవి రాసుకోండి. నారు వివరం చాలామంది వదిలేస్తారు. తాడికొండ వైపు ఒక చేలోనూ, కంకిపాడు వైపు ఇంకొక చేలోనూ ఒకే లక్షణం కనిపించినప్పుడు, రెండు చోట్లా నారు ఒకే నర్సరీ నుంచి వచ్చిందని తెలిస్తే మీరు వెతకవలసింది పురుగును మాత్రమే కాదు, విత్తనాన్ని, ప్రోట్రేలను, నారు పీకే చేతులను కూడా.

చేతుల సంగతి వచ్చింది గనుక నా అనుభవం ఒకటి చెబుతాను. నా తొలి సీక్వెన్సింగ్ పరుగులో అన్ని నమూనాల్లోనూ ఒక టొబామోవైరస్ సన్నగా కనిపించింది, రెండు వారాలు దానిని పెద్ద విశేషమనుకున్నాను. ఆకు ఏమీ వేయకుండా నీటితో నడిపిన నియంత్రణ గొట్టంలో కూడా అదే ఉందని ఆలస్యంగా చూశాను. అది పెప్పర్ మైల్డ్ మాటిల్ వైరస్, మిరపది. మిరప ఉత్పత్తుల్లో ఆ వైరస్ చెక్కుచెదరకుండా నిలుస్తుంది, మనుషుల మలంలోనూ దొరుకుతుంది. మధ్యాహ్నం ఆవకాయ కలుపుకుని తిని, చేతులు పైపైన కడుక్కుని వచ్చి గొట్టాలు ముట్టుకున్నది నేనే. మిరప యార్డు గాలి వీచే ఊళ్ళో ఈ పని చేసేవారికి ఇది నవ్వుకునే విషయం కాదు. పొగాకుతోనూ ఇదే ఇబ్బంది, టొబాకో మొజాయిక్ వైరస్ ఎండిన పొగాకులో ఏళ్ళ తరబడి బతికి ఉండగలదు. కాబట్టి ప్రతి మొక్కకూ చేతి తొడుగులు మార్చండి, కత్తెరను మొక్క మొక్కకూ బ్లీచ్ ద్రావణంలో ముంచి, శుభ్రమైన నీటితో కడిగి తుడవండి, ఖైనీ, సిగరెట్ అలవాటున్నవారిని ఆకులు కోయనివ్వకండి.

మన ఎండల్లో ఆకు కోసిన కొద్దిసేపటికే ఆర్‌ఎన్‌ఏ ముక్కలు కావడం మొదలవుతుంది. ఆర్‌ఎన్‌ఏను కాపాడే ద్రావణం దొరికితే ఆకును చిన్న ముక్కలుగా కోసి అందులో ముంచడం సులువు. ద్రవ నత్రజని కావాలంటే దూరం వెళ్ళనక్కరలేదు. కృత్రిమ గర్భధారణ కోసం పశువైద్య విభాగం దానిని నిల్వ ఉంచుతుంది, ముందుగా అడిగితే దారి దొరుకుతుంది. ఏదీ లేకపోతే థర్మోకోల్ పెట్టెలో మంచుగడ్డలు పెట్టి, ఆకులను పొడి కాగితంలో చుట్టి, తడి తగలకుండా సంచిలో వేసి, అదే రోజు మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌కు చేర్చండి. బెగోమోవైరస్ ఒక్కటే అనుమానమైతే దానిది డీఎన్‌ఏ గనుక, సిలికా జెల్‌లో ఎండబెట్టిన ఆకు కూడా చాలు.

వేరుచేయడం: డీఎన్‌ఏనా, ఆర్‌ఎన్‌ఏనా

ఏ వైరస్ అన్నది తెలియనప్పుడు రెండూ తీయండి. టమాటా ఆకులో చక్కెర పదార్థాలు, ఫినాల్‌లు ఎక్కువ కాబట్టి కిట్‌తో వచ్చిన పద్ధతిని యథాతథంగా పాటిస్తే జిగురుగా వచ్చే అవకాశం ఉంది. సీటీఏబీ (ఆ జిగురును విడదీసే డిటర్జెంట్) పద్ధతిని ముందు చేసి, తరువాత కాలమ్‌లో శుద్ధిచేస్తే ఫలితం బాగుంటుంది. 100 మిల్లీగ్రాముల ఆకు చాలు. స్పెక్ట్రోఫోటోమీటర్‌లో 260, 280 తరంగదైర్ఘ్యాల నిష్పత్తి ఆర్‌ఎన్‌ఏకు 2.0 దగ్గర, డీఎన్‌ఏకు 1.8 దగ్గర ఉండాలి. 260, 230 నిష్పత్తి బాగా తగ్గిందంటే చక్కెర పదార్థాలో, శుద్ధికి వాడిన లవణాలో మిగిలి ఉన్నట్లు, అలాంటి నమూనాను పంపితే తరువాతి చర్యలు మొండికేస్తాయి.

డీఎన్‌ఏ వైపు ఒక చక్కని ఉపాయం ఉంది. బెగోమోవైరస్‌ల జన్యుపదార్థం సుమారు 2,700 క్షారాల (జన్యు అక్షరాల) వలయం. ఫై29 పాలిమరేజ్ అనే నకలు తీసే ఎంజైమ్‌తో 30 డిగ్రీల దగ్గర ఒక రాత్రంతా నడిపితే ఆ వలయాన్నే మళ్ళీ మళ్ళీ తిరుగుతూ పొడవాటి నకళ్ళు తయారుచేస్తుంది. వైరస్ క్రమం ముందే తెలియనక్కరలేదు. ఆ నకలును సరైన కోత ఎంజైమ్‌తో కోసి జెల్ మీద నడిపితే 2,700 క్షారాల దగ్గర ఒక గీత కనిపిస్తుంది. దానితోపాటు దాదాపు 1,350 దగ్గర ఇంకొక గీత వస్తే ఉపగ్రహ డీఎన్‌ఏ (వైరస్‌ను ఆసరాగా చేసుకుని పెరిగే చిన్న వలయం) కూడా ఉన్నట్లు అనుమానించి, దానిని వదలకుండా చదివించండి. ఆకుముడత తీవ్రతలో బీటా ఉపగ్రహానికి పెద్ద పాత్ర ఉంటుంది. ఈ పద్ధతి వలయాకార డీఎన్‌ఏకే పనికొస్తుంది, ఆర్‌ఎన్‌ఏ వైరస్‌లు దీని కంట పడవు.

ఆర్‌ఎన్‌ఏ వైపు ఒక పొరపాటు తరచూ జరుగుతుంది, కాబట్టి సీక్వెన్సింగ్ చేసే సంస్థకు రాసే ఉత్తరంలో దీనిని విడిగా పేర్కొనండి. మామూలు జన్యు వ్యక్తీకరణ అధ్యయనాల్లో ఆర్‌ఎన్‌ఏకు చివర పాలీ-ఏ తోక ఉన్నవాటినే ఏరుతారు. టొబామోవైరస్‌లకు, టోస్పోవైరస్‌లకు ఆ తోక ఉండదు. ఆ పద్ధతిలో ఏరితే మీరు వెతుకుతున్నదాన్ని మీరే కడిగేసినట్లవుతుంది. దానికి బదులు మొత్తం ఆర్‌ఎన్‌ఏ నుంచి మొక్క రైబోసోమ్ ఆర్‌ఎన్‌ఏను తొలగించే పద్ధతిని కోరండి. చిన్న ఆర్‌ఎన్‌ఏలను చదివించడం మరొక దారి. వైరస్‌ను గుర్తించినప్పుడు మొక్క దానిని 21 నుంచి 24 క్షారాల ముక్కలుగా కోస్తుంది. ఆ ముక్కలు పోగుపడి ఉన్నాయంటే వైరస్ ఆకు మీద దుమ్ములా పడి ఉండడం కాకుండా, కణాల్లో వృద్ధి చెందుతోందని చెప్పడానికి మంచి ఆధారం.

యంత్రం ఎంపిక

ఇక్కడ ఎక్కువ చర్చ అవసరం లేదు. ఏ వైరస్సో దాదాపు తెలిసి, ఒక జన్యువును సరిచూసుకోవాలంటే సాంగర్ పద్ధతి చాలు, ఒక్కో పఠనం (ఒక్క విడతలో చదివే ముక్క) 700 నుంచి 900 క్షారాలు ఇస్తుంది. ఏమీ తెలియనప్పుడు ఇల్యుమినా యంత్రంలో రెండు వైపుల నుంచి 150 క్షారాల చొప్పున, నమూనాకు దాదాపు 2 కోట్ల పఠనాలు అడగండి. ఆక్స్‌ఫర్డ్ నానోపోర్ వారి మినియాన్ అరచేతిలో పట్టే పరికరం, ల్యాప్‌టాప్‌కు తగిలించి నడపవచ్చు, బెగోమోవైరస్ జన్యుపదార్థం మొత్తాన్ని ఒకే పఠనంలో చదవగలదు. ఒకే మొక్కలో రెండు మూడు వైరస్‌లు కలిసి ఉన్నప్పుడు ఏ ముక్క ఎవరిదో తేల్చడానికి ఇది ఎంతో ఉపయోగం. ఒకే అక్షరం వరుసగా పునరావృతమయ్యే చోట్ల దాని లెక్క తప్పవచ్చు, అక్కడ ఇల్యుమినాతోనో సాంగర్‌తోనో సరిచూడండి. ఏ యంత్రమైనా సరే, ఆరోగ్యమైన మొక్కను, నీటి నియంత్రణను అదే పరుగులో పంపండి. విడిగా వేరే రోజు పంపిన నియంత్రణకు విలువ లేదు.

తెర మీద చదవడం

మొదట ఫాస్ట్‌క్యూసీ అనే సాఫ్ట్‌వేర్‌తో నాణ్యత చూసి, ఫాస్ట్‌పీతో అడాప్టర్లను (చదవడం కోసం ప్రయోగశాలలో అతికించిన తోకలను), నాసిరకం చివరలను కత్తిరించండి. తరువాత టమాటాకు చెందిన పఠనాలను తీసేయాలి. హైంజ్ 1706 రకం జన్యుక్రమం 2012లో ప్రచురితమై అందరికీ అందుబాటులో ఉంది, పొట్టి పఠనాలనైతే బీడబ్ల్యూఏతో, పొడవాటివైతే మినిమ్యాప్2తో దాని మీద పరచి, అతకనివాటిని విడిగా తీసుకోండి. వాటిని స్పేడ్స్ లేదా మెగాహిట్‌తో అతికి, వచ్చిన పొడవాటి ముక్కలను, తెలిసిన క్రమాలతో పోల్చే బ్లాస్ట్‌లో వెతకండి. న్యూక్లియోటైడ్‌లతో మాత్రమే వెతికి ఆపవద్దు, ప్రోటీన్‌గా అనువదించి కూడా వెతకండి. నిజంగా కొత్తదైన వైరస్ ప్రోటీన్ స్థాయిలోనే బంధువులను చూపిస్తుంది.

జాబితాలో పేర్లు చూడగానే తొందరపడకూడదు. మూడు రకాల అతిథులు ప్రతిసారీ వస్తారు. మొదటిది టమాటా క్రోమోజోముల్లోనే ఎప్పుడో అతుక్కుపోయిన పారారెట్రోవైరస్ అనే వైరస్‌ల ముక్కలు, అవి ఇప్పుడు మొక్క సొత్తు. రెండవది సదరన్ టమాటా వైరస్. సుమారు 3,400 క్షారాల ఈ చిన్న వైరస్ విత్తనం ద్వారా వస్తుంది, ఏ లక్షణమూ లేని మొక్కల్లో కూడా తరచు కనిపిస్తుంది. మూడవది పక్క నమూనా నుంచి చిందినది లేదా నా ఆవకాయ లాంటిది. దొరికిన వైరస్ మీద పఠనాలను తిరిగి పరచి చూడండి. జన్యుపదార్థం ఈ చివర నుంచి ఆ చివర దాకా పఠనాలు పరుచుకుని, నియంత్రణలో కనిపించకుండా ఉంటే అది నమ్మదగినది. ఒకే చోట కుప్పగా పడి, మిగతా అంతా ఖాళీగా ఉంటే అనుమానించాలి.

పూర్తి క్రమం వచ్చిందో లేదో ఆయా కుటుంబం లెక్కతోనే తెలుస్తుంది. టొబామోవైరస్‌కు సుమారు 6,400 క్షారాలు, అందులో నాలుగు ప్రోటీన్ల సూచనలు ఉండాలి. టోస్పోవైరస్‌కు మూడు ఖండాలు ఉండాలి. వేరుశనగ మొవ్వు కుళ్ళు వైరస్‌లో అవి సుమారు 8,900, 4,800, 3,050 క్షారాల పొడవుంటాయి, చిన్నది ఒక్కటి దొరికితే సగం కథే. బెగోమోవైరస్‌లో టీ-ఏ-ఏ-టీ-ఏ-టీ-టీ-ఏ-సీ అనే తొమ్మిది అక్షరాల వరుస ఉందో లేదో చూడండి, వలయం నకలు మొదలయ్యేది అక్కడే. టమాటా ఆకుముడత న్యూఢిల్లీ వైరస్ లాంటివాటికి ఏ, బీ అని రెండు వలయాలు ఉంటాయి, రెండవదాని కోసం విడిగా వెతకాలి. వలయంగా కాకుండా దారంలా ఉండే ఆర్‌ఎన్‌ఏ వైరస్‌ల రెండు కొసలనూ యంత్రం సరిగా చదవదు, వాటిని రేస్ అనే కొసలు చదివే పద్ధతితో పూర్తిచేసి సాంగర్‌తో సరిచూసిన తరువాతే పూర్తి జన్యుక్రమం అనండి.

కొత్తదా, పాతదా

ఈ తీర్పుకు కుటుంబానికొక కొలత ఉంది. బెగోమోవైరస్ అయితే ‘ఏ’ అనే వలయం మొత్తాన్ని తెలిసినవాటన్నిటితో జంటలుగా పోల్చాలి. అతి దగ్గరి దానితో కూడా పోలిక 91 శాతం కంటే తక్కువైతే కొత్త జాతి అని, 91 దాటి 94 కంటే తక్కువైతే ఉన్న జాతిలో కొత్త ఉపరకం అని లెక్క. టొబామోవైరస్‌కు మొత్తం జన్యుక్రమంలో 90 శాతం హద్దు. టోస్పోవైరస్‌లకు ఎన్ ప్రోటీన్ (జన్యుపదార్థాన్ని చుట్టి ఉండేది) అమైనో ఆమ్లాల పోలికను ప్రధానంగా చూస్తారు, అక్కడా 90 శాతమే గీత. బ్లాస్ట్ పేజీలో కనిపించే శాతాన్ని ఇందుకు వాడకండి, అది అతికిన ముక్కకు మాత్రమే వర్తిస్తుంది. ఎస్‌డీటీ వంటి సాధనంతో మొత్తం పొడవును పోల్చండి. హద్దు దగ్గర ఉన్నప్పుడు పునఃసంయోగం కూడా చూడండి, బెగోమోవైరస్‌లు ఒకదాని ముక్కను ఇంకొకటి తీసుకోవడంలో ఆరితేరినవి. వంశవృక్షం కోసం మాఫ్ట్‌తో వరుసలు సరిపోల్చి, ఐక్యూ-ట్రీతో గీయవచ్చు.

కారణం నిరూపించడం

చాలా ప్రాజెక్టులు ఈ దశకు ముందే ఆగిపోతాయి, నిధులూ అప్పటికే అయిపోతాయి. అందుకే మొదటి రోజునే దీనికి డబ్బు, రెండు నెలల సమయం పక్కన పెట్టండి. మీకు దొరికిన క్రమం నుంచి కొత్త ప్రైమర్లు (ఆ వైరస్‌నే పట్టే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) రూపొందించి, అదే చేలోని జబ్బు మొక్కల్లో, ఆరోగ్యమైన మొక్కల్లో పీసీఆర్ చేయండి. జబ్బు మొక్కల్లో ఉండి, మిగతావాటిలో లేకపోతే అనుమానం బలపడుతుంది. తరువాత పురుగులు చొరబడని వలగదిలో ఆరోగ్యమైన టమాటా మొక్కలకు వైరస్‌ను ఎక్కించాలి. టొబామోవైరస్ అయితే ఆకు రసాన్ని కార్బొరండం పొడితో రుద్దితే చాలు. ఆకుముడత రకమైతే అంటు కట్టడం, తెల్లదోమలను జబ్బు మొక్క మీద ఉంచి తరువాత ఆరోగ్యమైనదాని మీదికి మార్చడం చేయాలి. అదే లక్షణాలు వచ్చి, ఆ కొత్త మొక్కలోనూ అదే క్రమం దొరకాలి. ఒకే మొక్కలో రెండు వైరస్‌లు దొరికినప్పుడు ఏది ఏ లక్షణానికి కారణమో తేల్చాలంటే, ఒక్కో వైరస్ పూర్తి క్రమాన్ని విడిగా క్లోన్ చేసి, ఆగ్రోబాక్టీరియం అనే బాక్టీరియా ద్వారా మొక్కలోకి పంపి చూడాలి.

తెలియజేయవలసినవారు

దేశంలోకి రాకూడదని నిఘా ఉన్న వైరస్‌తో మీ క్రమం సరిపోలితే, వాట్సాప్ గ్రూపుల్లో పెట్టడానికి ముందు మీ విశ్వవిద్యాలయం ద్వారా ఫరీదాబాద్‌లోని కేంద్ర మొక్కల సంరక్షణ, క్వారంటైన్ డైరెక్టరేట్‌కు, రాష్ట్ర వ్యవసాయ, ఉద్యాన శాఖలకు తెలియజేయండి. ధ్రువపడకముందే పేరు బయటికి పొక్కితే ఆ ఊరి టమాటా బండి మార్కెట్ నుంచి తిరిగి వచ్చేస్తుంది, తరువాత ఏ ప్రకటనతోనూ అది సరికాదు. ఆకులను గానీ, వైరస్‌ను గానీ విదేశీ ప్రయోగశాలకు పంపాలంటే 2002 జీవవైవిధ్య చట్టం కింద ముందస్తు అనుమతి కావాలి, స్నేహితుడికి కవరులో పెట్టి పంపడం కుదరదు. తుది క్రమాన్ని జెన్‌బ్యాంక్ అనే అంతర్జాతీయ జన్యుక్రమాల భాండాగారంలో, ముడి పఠనాలను దాని అనుబంధ భాండాగారంలో గానీ, 2022లో ఫరీదాబాద్‌లో ప్రారంభమైన భారతీయ జీవవైజ్ఞానిక దత్తాంశ కేంద్రంలో గానీ జమచేయండి. సేకరించిన జిల్లా, తేదీ, టమాటా రకం రాయండి, రైతు పేరు, సర్వే నంబరు రాయవద్దు.

మిగిలిన ఆకును మైనస్ 80లోనే ఉంచి, నమూనా ఇచ్చిన రైతు దగ్గరికి తిరిగి వెళ్ళండి. ఆయనకు 91 శాతం లెక్క అక్కరలేదు. అది తెల్లదోమతో వచ్చేదైతే తరువాతి నారును సన్నని నైలాన్ వల కింద పెంచమని, తామర పురుగుదైతే గట్ల మీది కలుపును, చుట్టుపక్కల ఆశ్రయమిచ్చే పంటలను చూసుకోమని, చేతితో అంటేదైతే కొసలు తుంచే కూలీలు జబ్బు వరుసల్లోకి చివర్లోనే వెళ్ళాలని, ఊతకర్రలను, పురికొసను మరుసటి పంటకు వాడవద్దని చెప్పండి. ఈ సలహా ఆయన మళ్ళీ నారు పోసే లోపు చేరాలి. మీ వ్యాసం ప్రచురణ ఆ తరువాత చూసుకోవచ్చు.